నురగ లేని దారి

బరంపురం గేటు బజార్లో
రైలొచ్చినప్పుడల్లా వణికే రేకుల షెడ్డు.
సూరాడ నూకయ్య దగ్గర పని నేర్చుకున్నదక్కడే.
బోర్డు మీద ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి
బ్యాటరీ అని రాసుండేది.
రెండు చోట్లా తప్పే.

మొదటి రోజు నేర్పింది పని కాదు,
మూతలు విప్పి ఊరికే కూచోవడం.
"గాలి పోనీరా లోకీ.
రంగుండదు, వాసనుండదు,
నిప్పు కోసం సూస్తంటాది."
బీడీ ముట్టించాలంటే ఎవరైనా సరే
రోడ్డు దాటి సోడా బండి దాకా పోవాల్సిందే.

ఆయన ఎడమ చేతి రెండు వేళ్ళకి గోళ్ళు లేవు.
ఏమైందంటే గోపాల్‌పూర్ నుంచి మొదలెట్టేవాడు:
పదహారేళ్ళకి రంగం స్టీమరెక్కడం,
బాంబులు పడ్డాక ఇంకో ఓడలో ఇంకో రేవుకి చేరడం.
ఆ రేవు పేరు చెప్పేవాడు కాదు.
"సెప్పనని ఏలిముద్ర ఏశాను."

అక్కడ కొండ తొలిచిన గిడ్డంగిలో
ఇరవై అడుగుల ఇనప చేపలు.
మునుగుడు పడవల వాళ్ళు వాటికోసం వచ్చేవారు.
పాతవి ఆవిరివి. వదిలితే
నీళ్ళ మీద తెల్లటి గీత గీసుకుంటూ పోతాయి.
గీత చూసి అవతలి ఓడ తప్పుకుంటుంది.
తప్పుకుని, అదే గీత పట్టుకుని వెనక్కొస్తుంది
వదిలినవాణ్ణి వెతుక్కుంటూ.

కొత్తవి కరెంటువి. గీత ఉండదు.
అయినా కెప్టెన్లు మొహం తిప్పుకున్నారు.
నడక నెమ్మది.
చలి నీళ్ళలో సగం దూరానికే ఆయాసం.
మూడు రోజులకోసారి గొట్టంలోంచి లాగి
గాలి తీసి, ఛార్జి పట్టాలి,
బాలింత బిడ్డకి పట్టినట్టు.
ఒకటి వదిలిన పడవ చుట్టూనే తిరిగొచ్చిందని పుకారు.
"ఎవరు చూశారు?"
"సూసినోడు రాడు కదరా."
ఒక పడవ ఆరు పట్టుకెళ్ళి
ఆరూ తెచ్చి రేవు మెట్ల మీద దించేసింది,
ఒకదాని మీద సుద్దముక్కతో తాబేలు బొమ్మ గీసి.

ఓ రాత్రి ఛార్జింగు గదిలో పంకా ఆగింది.
ఆగినట్టు ఎవరికీ తెలీలేదు.
పక్క బల్ల దగ్గరి మలబారు కుర్రాడు
పానా జారవిడిచాడు.
మెరుపు ముందు.
చప్పుడు విన్నట్టు నూకయ్యకి జ్ఞాపకమే లేదు.
ఆ కుర్రాడి పేరు ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవాడు.
నేనెప్పుడూ సరిచెయ్యలేదు.

తర్వాత రెండో పంకా బిగించారు.
లెక్కలు మార్చారు, తీగలు మార్చారు.
ఒక పడవ పట్టపగలు వదిలి చూసి వచ్చి
ఇంకో ఎనిమిది కావాలంది.
ఇక అందరికీ అవే కావాలి.
ఆ సాయంత్రం డిపోలో మనిషికింత రమ్ము పోశారు.
నూకయ్య తన గ్లాసు పక్కవాడికి జరిపేశాడు.

"ఏం, పడదా?"
చాలాసేపు మాట్లాడలేదు.
హైడ్రోమీటరు పైకెత్తి
లోపలి బుడగ తేలేదాకా చూశాడు.
"మా అయ్య తెప్ప మీద నిలబడి
నురగ సూసి సెప్పేవోడు:
ఇది గాలి, ఇది సేప, ఇది రాయి.
సముద్రం సెప్పకుండా సంపదురా.
మేం దాని నోరు నొక్కేశాం.
ఆ ఓడలో డెక్కు మీద ఎవడో
బట్టలారేసుకుంటా ఉండుంటాడు."

ఇప్పుడు షెడ్డు నాది. బోర్డు దిద్దించలేదు.
ఇచ్ఛాపురం నుంచీ ఛత్రపురం నుంచీ
కరెంటు ఆటోలు వస్తాయి.
అవే ఫిర్యాదులు:
పికప్పు లేదు, వానాకాలం ఛార్జి నిలవదు,
పేలిపోతాయంట కదా అన్నా?
మూతలు విప్పి కూచోమంటాను.

నిన్న ఒకటి చప్పుడు లేకుండా వచ్చి
సరిగ్గా నా వీపు వెనక ఆగింది.
గుండె గొంతులోకొచ్చింది.
డ్రైవరు కుర్రాడు నవ్వాడు.

బ్యాటరీ సంగతి తర్వాత,
హారను మోగుతుందా అని అడిగాను.
మోగదన్నాడు.
ముందు అదే బాగుచేశాను.
దానికి నేను డబ్బులు తీసుకోను.